తొడ మీది చర్మం పాదానికి పట్టేదాకా

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన ఏడాది, మే నెల మధ్యలో ఒక ఉదయం, మా మామిడికాయల షెడ్డులో కోటమ్మ నన్ను ఆపింది. కోటమ్మ మా తోటలో ఏళ్ళ తరబడి పనిచేస్తున్న మనిషి.

"అమ్మగారూ, మీది ఒక కాలి అడుగే తడిగా పడుతోందండి."

వెనక్కి తిరిగి చూశాను. గచ్చు మీద నేను నడిచి వచ్చిన దారిలో ఎడమ పాదం గుర్తులు ఆరిపోయాయి. కుడి పాదం గుర్తులు మాత్రం చిటికెన వేలి వైపు ఇంకా మెరుస్తున్నాయి. ఇప్పుడే కాళ్ళు కడుక్కుని వచ్చాను కదా, నీళ్ళే అన్నాను.

"నీళ్ళయితే రెండు కాళ్ళకీ ఉంటాయి కదండి" అంది.

నేను బి.ఏ. చదివాను. కోటమ్మ వేలిముద్ర వేస్తుంది. ఆ ఉదయం సరిగ్గా ఆలోచించింది ఆమే.

ఒక పెట్టె మీద కూర్చుని పాదం ఎత్తి చూసుకున్నాను. అరికాలి అంచున, చిటికెన వేలి కింద, రూపాయి బిళ్ళంత మేర తోలు ఉడికినట్టు తెల్లగా లేచి ఉంది. కింద నుంచి నీరు కారుతోంది. వేలితో గట్టిగా నొక్కాను. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పెద్దదేమీ కాదనుకున్నాను. నా కాలు పోయేదాకా తెచ్చింది ఆ అనుకోవడమే.

మాది ఆగిరిపల్లి దగ్గర పల్లె. రసాలు, బంగినపల్లి, కొంచెం కలెక్టరు కాయ. మా వారు మెత్తని మనిషి. వ్యాపారి రెండు మాటలు గట్టిగా అంటే మూడో మాటకి తల ఊపేస్తారు. అందుకని సీజన్లో షెడ్డు నాది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నిలబడే ఉంటాను, నిలబడ్డంతసేపూ ఎవరితోనో ఒకరితో వాదిస్తూనే ఉంటాను. అప్పటికి నాకు షుగర్ వచ్చి ఆరేళ్ళు. మాత్రలు వేసుకునేదాన్ని. బెనెడిక్ట్ ద్రావకంలో మూత్రపు చుక్కలు వేసి స్పిరిటు దీపం మీద కాచి రంగు చూసుకోవడం వచ్చు. నీలంగా ఉంటే మంచిది, ఇటుక రంగుకి తిరిగితే చెడ్డది. ఇటుక రంగు వచ్చిన రోజు ఇంట్లో అందరి మీదా విసుక్కునేదాన్ని, అంతకు మించి చేసిందేమీ లేదు.

మా వైపు కాయ పోసిన షెడ్డులోకి చెప్పులతో ఎవరూ రారు. కాయంటే లక్ష్మి. గుమ్మం పక్కన తొట్టిలో కాళ్ళు కడుక్కుని, ఆ తడి కాళ్ళతోనే లోపలికి రావాలి. లోపల గడ్డిలో కాయ ముగ్గడానికి కార్బైడ్ పొట్లాలు పెడతాం. పొట్లాలు చిరిగి పలుకులు గచ్చు మీద రాలుతుంటాయి. కార్బైడుకి తడి తగిలితే సెగ పుడుతుంది. కూలివాళ్ళ కాలికి తగిలితే చురుక్కుమంటుంది, తిట్టుకుని కాలు దులుపుకుంటారు. నాకు చురుక్కుమనలేదు. ఏ రోజు, ఎంతసేపు ఆ పలుకుల మీద నిలబడి ఏ వ్యాపారితో వాదించానో నాకు ఇప్పటికీ తెలియదు.

సీజన్ అయ్యాక చూద్దామన్నాను. మా వారు రోజూ అడిగారు, రోజూ అదే చెప్పాను. ఊళ్ళో మందులిచ్చే ఆయన పొడి చల్లి కట్టు కట్టాడు. మా అత్తయ్య పసుపు, వేపాకు నూరి పెట్టింది. మూడు వారాలు గడిచాయి. ఒక రోజు భోజనాల దగ్గర అత్తయ్య ముద్ద నోట పెట్టుకోబోయి ఆగింది.

"ఎలకేదైనా చచ్చిందా అని పొద్దున్నుంచీ ఇల్లంతా వెతుకుతున్నానే అమ్మాయ్. ఆ వాసన నీ కాలి దగ్గర్నుంచి వస్తోంది."

కట్టు విప్పితే పాదం పైభాగం దాకా నల్లబడి ఉబ్బి ఉంది. మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆయన కట్టు విప్పించి చూశాడు, ముట్టుకోలేదు. "ఇక్కడ కూర్చోకండి. ఇటు నుంచి ఇటే బెజవాడ వెళ్ళండి" అని ఒక సర్జను పేరు రాసిచ్చాడు.

ఆ సర్జను గారికి యాభై ఏళ్ళుంటాయి. మాట పొదుపు. నన్ను కళ్ళు మూసుకోమని, పాదానికి సూది గుచ్చినప్పుడు చెప్పమన్నారు. కాసేపు ఆగి, "ఎప్పుడు గుచ్చుతారండీ?" అని అడిగాను.

"అయిదు చోట్ల గుచ్చానమ్మా. కళ్ళు తెరవండి."

పాదం మీద అయిదు రక్తపు చుక్కలున్నాయి. దీన్ని న్యూరోపతీ అంటారన్నారు. షుగర్‌కి పాదంలో నరాలు మొద్దుబారిపోయాయి. చీలమండ వెనక వేళ్ళు పెట్టి నాడి చూశారు. "రక్తం బాగానే వస్తోంది. మీకున్న అదృష్టం అదొక్కటే." ఎక్స్‌రేలో చిటికెన వేలి ఎముక చెద తిన్నట్టుంది. ఆస్టియోమైలైటిస్, అంటే ఎముకకి చీము పట్టడం. ఆ వేలు తీసేయాలి, చచ్చిన కండంతా కోసేయాలి, దాన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు. అప్పటికీ పైకి పాకితే మోకాలి కింద కాలు తీసేయడమే, ఆంప్యుటేషన్.

నేను ఊరుకోలేదు. మాత్రలతో తగ్గదా, ఇంజెక్షన్లతో తగ్గదా, వేలు కోయకుండా ఎముక గీకితే సరిపోదా, ఇంకొకరికి చూపించుకోవచ్చా. ఆయన అన్నీ విన్నారు.

"మీరెంతసేపైనా వాదించండి, నేను వింటాను. చీము వినదు."

మా వారు సంతకం పెట్టారు.

వేలు పోయింది. దానితో పాటు పాదం పక్కన, పైన, నా అరచేయంత మేర తోలూ కండా పోయాయి. లోపల తెల్లటి తాళ్ళలాంటివి కదులుతుంటే చూశాను, అవి వేళ్ళను లాగే టెండన్లట. రోజూ పొద్దున సెలైన్‌తో కడిగి, యూసాల్ అనే మందునీటిలో తడిపిన గుడ్డ పెట్టి కట్టేవారు. మాత్రలు మాన్పించి రెండు పూటలా ఇన్సులిన్ మొదలుపెట్టారు. గాజు సిరంజి మరిగించడం, మందు ఎక్కించుకోవడం అక్కడే నేర్చుకున్నాను. అయిదు వారాలకి గుంటంతా ఎర్రటి కండతో నిండింది. దాన్ని గ్రాన్యులేషన్ అంటారు.

"దీనంతట ఇది మూసుకోవాలంటే ఏడాది పడుతుంది. ఈలోపల మళ్ళీ చీము పడితే కాలు దక్కదు. తొడ మీద నుంచి పల్చటి చర్మం తీసి దీని మీద వేస్తాను. స్కిన్ గ్రాఫ్ట్" అన్నారు సర్జను గారు. "మీరు మామిడి అంటు కడతారు కదా, అలాంటిదే."

"అలాంటిది కాదండీ. మేము కొమ్మని తల్లి చెట్టు మీద ఉండగానే మొక్కకి కట్టేస్తాం. రెండూ కలిశాయని తెలిశాకే కోస్తాం. మీరు ముందే కోసేస్తానంటున్నారు. అది అన్నాళ్ళూ దేని మీద బతుకుతుంది?"

ఆయన అన్ని వారాల్లో మొదటిసారి స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"మొదటి రెండు రోజులూ కింద కండలో ఊరే నీటి మీద బతుకుతుంది. ఆ తరవాత కింద నుంచి సన్నటి రక్తనాళాలు లేచి దాన్ని అందుకోవాలి. అందుకోకపోతే చస్తుంది. మీరన్న పద్ధతి మా దగ్గరా ఉంది. ఒక కాలి చర్మాన్ని పూర్తిగా కోయకుండా రెండో కాలికి కుట్టి, మూడు వారాలు రెండు కాళ్ళూ కలిపి కట్టేస్తాం. మీ షుగర్‌తో నేనా పని చెయ్యను."

సరేనన్నాను. నడుముకి స్పైనల్ ఇంజెక్షన్ ఇచ్చి గ్రాఫ్ట్ వేశారు. ఆ మత్తు దిగాక తెలిసింది నొప్పంటే ఏమిటో. పాదంలో కాదు, చర్మం తీసిన తొడ మీద. దాన్ని డోనర్ ఏరియా అంటారు. వేలు కోసినా ఏడవని నేను తొడ కోసం ఏడ్చాను.

అయిదో రోజు కట్టు విప్పారు. అడుగున ఉన్న గాజుగుడ్డ లేపుతుంటే దానితో పాటు చర్మం కూడా లేచి వచ్చేసింది. తడి కాగితంలా ఉంది. కింద కండ ఎర్రగా లేదు, పాలిపోయి నీరు పట్టి ఉంది.

"చీము పెద్దగా లేదు. షుగర్ అదుపులోనే ఉంది. ఎందుకు పోయింది?" ఆయన నన్ను కాదు, తనను తానే అడుగుతున్నారు. నా రెండో కాలి ముంగాలి మీద బొటనవేలితో నొక్కారు. గుంట పడి అలాగే ఉండిపోయింది. రక్తం తీయించారు. సాయంత్రానికి ప్రోటీన్లు బాగా తక్కువని రిపోర్టు వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం, రౌండ్ల వేళ కాకపోయినా వచ్చారు. అప్పుడే అత్తయ్య క్యారియర్ విప్పుతోంది. ఆమె మొదటి రోజు నుంచీ నాతోనే ఉంది. నా మంచం పక్కన చాప మీద పడుకునేది, పక్క వీధిలో తన చెల్లెలి ఇంట్లో వండి తెచ్చేది.

"ఏం పెడుతున్నారమ్మా?" అని గిన్నెలు ఒక్కొక్కటే చూశారాయన. పాత బియ్యం అన్నం రెండు గరిటెలు. పొట్లకాయ కూర. వెల్లుల్లి కారం. పల్చటి మజ్జిగ.

"పప్పు లేదా?"

"పుండుకి పప్పు ఎలా పెడతామండి? చీము పోసెయ్యదూ" అంది అత్తయ్య.

"గుడ్డు?"

"అసలే పనికిరాదండి."

"చేప, మాంసం, పాలు?"

అత్తయ్య ఆయన వంక జాలిగా చూసింది. ఇంత చదివినవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు. "పథ్యం నాకు కొత్త కాదు బాబూ. మా ఆయనకి కాలి మీద పుండు లేస్తే ఎనిమిది నెలలు నా చేత్తో పథ్యం చేసి పెట్టాను. ఒక్క పూట తప్పలేదు."

"తగ్గిందా అమ్మా?"

మామగారు ఆ పుండుతోనే పోయారని ఆయనకి తెలియదు. తెలిసి ఉంటే అలా అడిగేవారు కాదు. అత్తయ్య గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, కడ్డీ బిగించి, క్యారియర్ పట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ పూట నేను తినలేదు.

ఆయన నా వైపు తిరిగారు. "కొత్త చర్మం నిలబడాలంటే కింద కండ కట్టాలి. దేనితో కడుతుంది, పొట్లకాయతోనా? మీరు ప్రతిదానికీ ప్రశ్న వేస్తారే, దీనికి వెయ్యలేదేం?"

ఇది చదివేవాళ్ళకి నిజం చెప్పాలి. అత్తయ్య మీదికి నెట్టేయడం తేలిక. ఆమె తనకు తెలిసింది చేసింది. నేను ఆ పథ్యాన్ని ప్రశ్నించకపోవడానికి కారణం అది నాకు నచ్చడం. తక్కువ తింటే షుగర్ తగ్గుతుంది, షుగర్ తగ్గితే కాలు ఉంటుంది అనుకున్నాను. రోజూ గొట్టంలో రంగు నీలంగా నిలబడుతుంటే గెలుస్తున్నాననుకున్నాను. ఇంట్లోవాళ్ళ పథ్యం, నా భయం, రెండూ ఒకే మాట చెప్పాయి. ఆ మాట డాక్టరుకి ఎవరమూ చెప్పలేదు. ఆయనా అన్ని వారాలూ అడగలేదు, ఆ సంగతి ఆయన మొహానే అన్నాను. "అడగాల్సింది. నా తప్పే" అన్నారు.

"ఇంకొక్కసారి వేస్తాను. మూడు వారాలు తినండి. తిన్నదానికి తగ్గట్టు ఇన్సులిన్ నేను పెంచుతాను, మీరు రంగు చూసి భయపడకండి. ఈసారీ పట్టకపోతే ఇంత పుండు తెరిచి పెట్టుకుని మిమ్మల్ని ఇంటికి పంపలేను. మోకాలి కింద తీసేస్తాను."

మర్నాడు అత్తయ్య వస్తుందో రాదో అనుకున్నాను. మామూలు వేళకే వచ్చింది. క్యారియర్లో ముద్దపప్పు, రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు నిండా పాలు. గుడ్డు పెంకు తనే ఒలిచింది.

"తిను."

"మీకు ఇష్టం లేకపోతే..."

"ఇష్టమేంటే? కాలు కావాలా వద్దా? తిను."

నేను తింటుంటే గోడ వైపు చూస్తూ కూర్చుంది. కాసేపటికి అంది, "మీ మామగారు ఒక రోజు పప్పన్నం అడిగారే. నేను పెట్టలా."

నోరున్న మనిషినని మా చుట్టాల్లో పేరు నాకు. అయినా మూడు రోజులయ్యాక గాని ఆ మాటకి జవాబు దొరకలేదు. ఆ రోజుల్లో మన పల్లెకి ఇన్సులిన్ ఎక్కడిది, ఈ కత్తి ఎక్కడిది, మీరు పప్పు పెట్టినంత మాత్రాన ఆగేది కాదు అని చెప్పాను. ఎవరినో ఓడించడానికి కాకుండా నేను వాదించింది బహుశా అదొక్కసారే. నమ్మిందో లేదో తెలియదు. "సర్లే, పాలు చల్లారిపోతున్నాయి" అంది.

మూడు వారాలు తిన్నాను. గొట్టంలో రంగు ఆకుపచ్చకి తిరిగిన రోజులున్నాయి. అయినా తిన్నాను. ముంగాలి మీద గుంట పడటం ఆగింది. పుండులో కండ మళ్ళీ ఎర్రబడింది, దూది తగిలితే రక్తం చిమ్మేది. "ఇదీ నాకు కావలసిన నేల" అన్నారు సర్జను గారు.

రెండోసారి చర్మాన్ని ఒకే పొరగా వెయ్యలేదు. తపాలా బిళ్ళలంత ముక్కలుగా కోసి, మధ్యలో సందు వదులుతూ పరిచారు. కింద ఊరిన నీరు ఆ సందుల్లోంచి పోతుందట, ఒక ముక్క చచ్చినా పక్కది బతుకుతుందట. రెండో తొడ కూడా మండింది. అయిదు రోజులు కాలు దిండ్ల మీద పెట్టి కదలకుండా ఉన్నాను. దుప్పటి బరువు పడకుండా పైన చెక్క చట్రం పెట్టారు. ఆ అయిదు రోజులూ నేను ఎవరితోనూ గొడవ పడలేదని మా వారు తరవాత అందరికీ చెప్పుకున్నారు.

అయిదో రోజు నేను కళ్ళు మూసుకున్నాను. గాజుగుడ్డ మీద సెలైన్ పోస్తున్న చప్పుడు, పటకారు పళ్ళెంలో పెట్టిన చప్పుడు. అత్తయ్య నా భుజం పట్టుకుని ఉంది.

"గులాబీ రంగులో ఉన్నాయి. మూడు ముక్కలు పోయాయి, మిగతావన్నీ పట్టాయి. చూసుకోండమ్మా."

నేను చూసేలోపల అత్తయ్య వంగి చూసింది. చూసి, చాప చుట్టి, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళింది.

అక్కడితో అయిపోలేదు. పోయిన మూడు ముక్కల చోట రెండు నెలలు కట్లు పడ్డాయి. ఒకసారి చీము పట్టి మళ్ళీ వారం బెజవాడలో ఉన్నాను. కార్తీకంలో కర్ర పట్టుకుని ఇంటికి వచ్చాను. మరుసటి సీజన్లో మెత్తటి రబ్బరు అట్టతో కుట్టించిన చెప్పులతో షెడ్డులో అడుగు పెట్టాను. వాకిట్లో ఉన్న కూలివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "లక్ష్మి ఎవరి కాళ్ళూ బలి అడగదులే, పనులు చూసుకోండి" అంది అత్తయ్య. కార్బైడ్ పొట్లాలు ఆ ఏటి నుంచి వాడటం లేదు, ఉత్త గడ్డిలోనే ముగ్గబెడుతున్నాం. ఆలస్యమవుతోందని వ్యాపారులు గొణుగుతారు. గొణగనీ.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. రెండు పూటలా ఇన్సులిన్ చేసుకుంటున్నాను. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు, సీసాని తడి ఇసుకలో పెట్టిన కుండలో ఉంచుతాను. నాలుగు వేళ్ళ పాదం మీద గళ్ళ గళ్ళుగా మచ్చలున్నాయి, ఆ చర్మానికి చెమట పట్టదు, రోజూ కొబ్బరినూనె రాస్తాను. కొంచెం కుంటుతాను. షెడ్డులో ఎక్కువసేపు నిలబడను, కుర్చీ వేసుకుని కూర్చునే వాదిస్తాను.

నాలాంటి కాళ్ళున్నవాళ్ళకి ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. రోజూ మీ అరికాళ్ళు ఇంకొకరికి చూపించండి. అద్దంలో మీరు చూసుకున్నది చాలదు, మనకు చూడాలని లేనిది మన కంటికి కనిపించదు. సిగ్గుపడకండి, చూపించేది పెద్దవాళ్ళకని జంకకండి.

నేను ఆ చివరి దానితోనే చాలా రోజులు పేచీ పెట్టాను. ఇంటికి వచ్చిన కొత్తలో పొద్దున్నే అత్తయ్య పీట వేసుకుని నా పాదం ఒళ్ళోకి లాక్కోబోతే వెనక్కి తీసేసుకున్నాను. అత్తగారి చేత కాళ్ళు పట్టించుకోవడం ఎంత పాపం, లోకం ఏమంటుంది, మా వారు చూస్తారులెండి అన్నాను.

"వాడికి పక్కనున్న పామే కనబడదు" అంది. "నీ కాలు నేను పట్టుకోవట్లేదే. చూస్తున్నాను."

ఆమె చూపు ఇప్పుడు బాగా మందగించింది. అందుకని వేళ్ళతో తడుముతుంది, మడమ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క వేలి సందూ. కిందటి నెలలో ఒక ముల్లు అలాగే దొరికింది. ఆ వేళ్ళు తగులుతున్నట్టు నాకు తెలియదు. తల వంచి చూస్తేనే తెలుస్తుంది, ఆమె చెయ్యి ఎక్కడుందో. అయిపోయాక "ఏం లేదు, లే" అంటుంది. అప్పుడు లేస్తాను.